దీపం కొండెక్కలేదు

మా అక్కయ్య వల్ల ఇతరులకు తలనొప్పి రావడమే గాని, ఆవిడకు తలనొప్పి రావడం నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ చూడలేదు. ఈ మాట ఆవిడ ఎదుటే అంటూ ఉంటాను గనుక ఇక్కడ రాయడంలో తప్పులేదు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. బావగారు పోయాక ఒక ట్రంకు పెట్టె, ఒక ఇత్తడి మరచెంబు పట్టుకుని రామచంద్రపురంలో మా ఇంటికి వచ్చేసింది. మరచెంబు సంగతి అలా ఉంచండి. ట్రంకు పెట్టెలో ఉన్నవి చీరలు కావు, సీరియల్సు. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టి, వారపత్రికల్లో వచ్చిన నవలలను వారం వారం కత్తిరించి, దారంతో కుట్టి, అట్టలు వేయించి దాచుకున్న నలభై చిల్లర సంపుటాలు. మధ్యాహ్నం భోజనం కాగానే ఉయ్యాలబల్ల మీద కూర్చుని ఒక్క భాగం చదువుతుంది. ఒక్కటే. పుస్తకమంతా చేతిలోనే ఉన్నా, "ఇంకా ఉంది" అన్నచోట ఠక్కున మూసేస్తుంది.

"అంతా నీ దగ్గరే ఉంది గదా, తరవాత ఏమయిందో చూసుకోరాదూ?" అంటే, "సీరియల్ని సీరియల్‌లాగే చదవాలిరా. నాకేం తొందర?" అంటుంది.

ఆవిడ కళ్ళ గురించి చెప్పబోతున్నాను గనుక, ఆ కళ్ళతో ఆవిడకు ఏం పనో ముందుగా చెప్పాను.

2016 వేసవిలో పొద్దున్న లేవగానే ఆవిడకు భుజాలు పట్టెయ్యడం మొదలయింది. కొప్పు ముడుచుకుందామంటే చేతులు పైకి లేచేవి కావు. మంచం దిగాలంటే తొడలు సహకరించేవి కావు. పదిగంటలయ్యేసరికి అన్నీ నెమ్మదిగా సడలేవి. డెబ్భై ఆరేళ్ళ మనిషికి భుజాలు పట్టెయ్యక ఏమవుతాయి? వాతమన్నాం. మా ఆవిడ నువ్వులనూనె గోరువెచ్చగా కాచి రాసేది. దసరా పండగల్లో కుడి కణత దగ్గర తలనొప్పి వచ్చింది. రాత్రంతా సన్నగా పోటు. పుస్తకాల పురుగు గదా, కళ్ళజోడు పాతబడి ఉంటుందని నేనే రిక్షా మాట్లాడి బజారులో కళ్ళజోళ్ళ కొట్టుకు తీసుకువెళ్ళాను. ఆ కుర్రాడు అక్షరాల పటం చదివించి, నంబరు కొంచెం మారిందని కొత్త అద్దాలు వేశాడు. నొప్పి తగ్గలేదు.

తరవాత దువ్వెన గొడవ. తల దువ్వుకుంటే నెత్తిమీద చర్మం పుండులా సలుపుతోందంది. తలగడ మీద కుడివైపు తిరిగి పడుకోలేనంది. మా ఆవిడ తలగడ మార్చింది. దువ్వెన కూడా మార్చింది, కొయ్యది తెప్పించి. ఆ తరవాత ములక్కాడ. మా అక్కయ్య ములక్కాడ నమలడం చూస్తే చెరుకు మిల్లులు నేర్చుకోవాలి. అలాంటి మనిషి నాలుగుసార్లు నమిలి ఆగిపోయేది. దవడ లాగేస్తోందనేది. రెండు నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టేది, మళ్ళీ ఆగిపోయేది. కట్టుడుపళ్ళు వదులయ్యాయని పళ్ళడాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన పళ్ళసెట్టు అరగదీసి ఇచ్చాడు. ఈ లోపల మనిషి చిక్కిపోయింది. కార్తీకమాసం ఉపవాసాలు గదా అనుకున్నాం. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడితే చన్నీళ్ళ స్నానాల వల్ల అన్నాం.

ఇప్పుడు ఇదంతా వరసగా రాసుకుంటూ పోతుంటే నాకే సిగ్గు వేస్తోంది. భుజాలకు నూనె, తలకు కళ్ళజోడు, నెత్తికి దువ్వెన, దవడకు పళ్ళసెట్టు, చిక్కడానికి ఏకాదశి. ఒక్క మనిషిని అయిదు ముక్కలు చేసి అయిదు కొట్లకు పంపించాం. అయిదూ ఒకే మనిషివి గదా, ఒకే జబ్బువేమో అని ఇంట్లో చదువుకున్నవాళ్ళం ముగ్గురం ఉండి ఒక్కరం అనుకోలేదు.

అంతలో 2016 నవంబరు 8 రాత్రి నోట్ల రద్దు వచ్చి పడింది. మర్నాడు పొద్దున్నే అక్కయ్య ట్రంకు పెట్టె తెరిచి ఒక్కొక్క సంపుటమే దులపడం మొదలుపెట్టింది. పుస్తకాల్లోంచి అయిదు వందల నోట్లు రాలుతున్నాయి! కథానాయికను ఎత్తుకుపోయినచోట నాలుగు, ఉత్తరం చేతులు మారినచోట రెండు. మంచి పట్టుగా ఉన్న ఘట్టాల్లోనే దాచిందట, గుర్తుంటుందని. మొత్తం ఇరవై మూడు వేలు. అవి బ్యాంకులో కట్టే బాధ్యత నాది.

14వ తేదీ కార్తీక పౌర్ణమి. 1948 తరవాత చంద్రుడు భూమికి అంత దగ్గరగా రావడం అదే మొదటిసారని పేపర్లలో రాశారు. మా ఆవిడ, అక్కయ్య తులసికోట దగ్గర మూడువందల అరవై అయిదు వత్తులూ వెలిగించారు. నేను పక్కనే అరుగుమీద కూర్చున్నాను. అక్కయ్య చేతులు జోడించి నిలబడింది. ఉన్నట్టుండి అంది:

"అదేమిటే అమ్మాయ్, దీపం కొండెక్కిందేం?"

దీపం కొండెక్కలేదు. భోగిమంటలా వెలుగుతోంది. మా ఆవిడ నా వంక చూసింది.

"వెలుగుతోంది వదినగారూ."

"లేదే, పైనుంచి నల్లటి తెర దింపినట్టుంది," అంటూ అక్కయ్య ఎడమకన్ను మూసి, కుడికన్ను మూసి చూసుకుంది. నాలుగయిదు నిమిషాలు అలా ఉంది. తరవాత, "ఆఁ, కనిపిస్తోంది. పొగ కమ్మి ఉంటుంది," అంది. మేమూ పొగే అనుకున్నాం. అనుకోవడానికి సుఖంగా ఉండే సంగతులు మనిషి తొందరగా అనుకుంటాడు.

15వ తేదీ పొద్దున్న నేను పాస్ బుక్కు, నోట్ల కట్ట సంచిలో పెట్టుకుని బయలుదేరుతుంటే గుమ్మంలో ఆపింది. "ఇందాక మళ్ళీ తెర పడి లేచిందిరా," అంది. "ఈ నోట్ల గొడవ తేలనీ అక్కయ్యా, కాకినాడ వెళ్ళి మంచి కంటిడాక్టరుకు చూపిద్దాం," అన్నాను. ఆ రోజు నా వంతు రాకుండానే బ్యాంకులో డబ్బయిపోయింది. 16వ తేదీ మధ్యాహ్నం రెండింటికి నా వంతు వచ్చింది. ఇరవై మూడు వేలూ కట్టి, రసీదు తెచ్చి అక్కయ్య చేతిలో పెట్టాను, ఏదో ఘనకార్యం చేసినట్టు.

17వ తేదీ పొద్దున్న కాఫీ వేళకు ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది. కంగారేమీ లేదు. "ఒరే, కుడికన్ను ఇంకా నిద్రలేవలేదురా," అంది.

అప్పటిదాకా పదిలంగా దాచుకున్న వంద నోట్లన్నీ జేబులో కుక్కుకుని, కారు మాట్లాడి కాకినాడ వెళ్ళాం. కంటిడాక్టరు ముప్ఫయి అయిదేళ్ళ అమ్మాయి. చూడగానే నాకు నమ్మకం కలగలేదు. డాక్టర్లకు జుట్టు నెరిసి ఉండాలని నాకొక పిచ్చి. ఆ అమ్మాయి టార్చిలైటు ఒకసారి ఎడమకంటి మీద, ఒకసారి కుడికంటి మీద మార్చి మార్చి వేసింది. వెలుతురు పడితే కంటిపాప ముడుచుకోవాలి గదా. కుడివైపు వేసినప్పుడు ముడుచుకోవడం మానేసి పెద్దదవుతోందట. చుక్కలమందు వేసి లోపల పరీక్ష చేసింది. కంటి వెనక దృష్టినాడి మొదలు వాచి, సుద్దముక్కలా తెల్లగా పాలిపోయి ఉందంది. అప్పుడు కంటిని వదిలేసి, నేను ఎదురుచూడని ప్రశ్నలు వేసింది.

"మామ్మగారూ, తల దువ్వుకుంటే నెత్తి నొప్పి పుడుతోందా?"

"అవునమ్మా."

"అన్నం నములుతుంటే దవడలు లాగేస్తాయా? ఆగితే తగ్గుతుందా?"

"నీకెవరు చెప్పారూ?"

"పొద్దున్న లేవగానే భుజాలు ఎత్తలేకపోతున్నారా?"

అక్కయ్య సమాధానం చెప్పకుండా నా వైపు తిరిగి, "ఈ పిల్ల మనింటికి ఎప్పుడొచ్చిందిరా?" అంది. డాక్టరమ్మ నవ్వలేదు. రెండు కణతల మీదా వేళ్ళు పెట్టి తడిమింది. నా వేలు కూడా పెట్టి చూడమంది. ఎడమ కణత దగ్గర నాడి మెత్తగా కొట్టుకుంటోంది. కుడి కణత దగ్గర పలుపుతాడులా గట్టిగా, ముడులు ముడులుగా ఒక నరం తగిలింది గాని అందులో కొట్టుకోవడం లేదు. రెండు నెలలనుంచీ ఆ తాడు అక్కడ ఉంది. మాలో ఎవరమూ చెయ్యిపెట్టి చూడలేదు.

రక్తపరీక్షలో ఇ.ఎస్.ఆర్. 104 అని వచ్చింది. ఆ వయసు ఆడవాళ్ళకు నలభై పైచిలుకు దాటితే అనుమానించాలట. "నూటికి నూట నాలుగు మార్కులా? చిన్నప్పుడు లెక్కల్లో వచ్చినవి కావు," అంది అక్కయ్య. అప్పటికి ఆవిడకు సంగతి పూర్తిగా తెలియదు. నాకూ తెలియదు. జబ్బు పేరు జెయింట్ సెల్ ఆర్టిరైటిస్ అంది డాక్టరమ్మ. కణతల దగ్గరి ధమని పేరుమీద టెంపొరల్ ఆర్టిరైటిస్ అని కూడా అంటారట. కణత దగ్గర చిన్న ముక్క కోసి పరీక్షకు పంపితే రూఢి అవుతుందంది.

నేను గుమాస్తా బుద్ధి పోనిచ్చుకోలేక, "అయితే ఆ రిపోర్టు వచ్చాకే మందు మొదలుపెడదామా?" అన్నాను.

"రిపోర్టు ఆగుతుందండీ. ఎడమకన్ను ఆగదు," అంది.

గంటలోపలే సెలైనులో కలిపి ఒక గ్రాము స్టిరాయిడు మందు ఎక్కించడం మొదలుపెట్టారు. మూడు రోజులు వరసగా ఎక్కించారు. ఆ మొదటి రాత్రి ఆస్పత్రి వరండాలో కూర్చున్నప్పుడు డాక్టరమ్మ ఒక కాగితం మీద బొమ్మలు గీసి నాకు విషయం చెప్పింది. నేను ముప్ఫయి ఆరేళ్ళు కాలవల శాఖలో నౌకరీ చేసినవాణ్ణి. ఆవిడ చెప్పినదాన్ని నా భాషలోకి మార్చుకుంటే గాని నాకు తలకెక్కలేదు. పాఠకులకు కూడా అలాగే చెబుతాను, క్షమించాలి.

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీళ్ళు పెద్ద కాలవలోకి వస్తాయి. అందులోంచి చిన్న కాలవలు, వాటిలోంచి పంటబోదెలు. ఆఖరి బోదె చివర ఉన్నవాటిని శివారు చేలంటారు. పైన కాలవలో ఏ కాస్త తేడా వచ్చినా ముందు ఎండేది శివారు చేను. మెడలో కొట్టుకునే పెద్ద ధమని పెద్ద కాలవ అనుకోండి. అందులోంచి చీలి ఒక కొమ్మ ముఖానికి, దవడకు, కణతకు, నెత్తికి పోతుంది. ఇంకొకటి తలలోపలికి పోయి కంటికి నీరు పెడుతుంది. కంటి వెనక దృష్టినాడి మొదలుకు రక్తం ఇచ్చేవి వెంట్రుకల్లాంటి సన్నని నాళాలు. అది శివారు చేను.

ఈ జబ్బులో ధమని గోడ వాస్తుంది. వాపంటే దెబ్బ తగిలిన వాపు కాదు. గోరుచుట్టు లేచినప్పుడు ఎరుపు, వేడి, పోటు, ఉబ్బు కలిసి వస్తాయే, అలాంటిది. గోరుచుట్టులో సూక్ష్మక్రిములుంటాయి. ఇక్కడ అవేమీ లేవు. క్రిములతో పోరాడవలసిన రక్తకణాలే దారితప్పి సొంత ధమని గోడమీద పడతాయి. ఆ గోడను సూక్ష్మదర్శినిలో చూస్తే కొన్ని కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి రాక్షసాకారంలో కనిపిస్తాయట. జెయింట్ సెల్ అన్న పేరు అందుకే. గోడ లోపలివైపు ఉబ్బుతుంది. గట్టు తెగిపోవడం మనకు తెలుసు. ఇది గట్టే లోపలికి ఉబ్బి కాలవను పూడ్చెయ్యడం. నెత్తికి పోయే కాలవ పూడుతుంటే దువ్వెన తగిలినా నొప్పి. నమిలే కండకు పని ఉన్నప్పుడే ఎక్కువ రక్తం కావాలి, అది అందక లాగేస్తుంది, నమలడం ఆపితే సర్దుకుంటుంది. పంటినొప్పి అయితే మొదటి కొరుకుడుకే తెలుస్తుందట! ఈ తేడా నాకు ముందు తెలిసి ఉంటే పళ్ళసెట్టు జోలికి పోయేవాణ్ణి కాదు.

ఇక పౌర్ణమినాటి తెర. శివారు చేనుకు నీరు ఆగీ ఆగకుండా వచ్చిన ఆ నాలుగు నిమిషాలే దీపం కొండెక్కిన నాలుగు నిమిషాలు. అదే ఆఖరి నోటీసట. ఇంకా నీరుంది, ఇప్పుడు తవ్వితే చేను దక్కుతుంది అని. ఆ రాత్రే మందు పడి ఉంటే కుడికన్ను దక్కే అవకాశం చాలా ఉండేదా అని అడిగాను. డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. ఉండేదంది. ఇప్పుడో అని అడిగాను. పొట్టమీదున్న వరి ఒకసారి ఎండాక నీరు పెడితే గింజ వస్తుందా అని నన్నే అడిగింది. నా కాలవ భాష ఆవిడకూ అంటుకుంది. పోయిన చూపు తిరిగి రావడం చాలా అరుదు. అంతకంటే ముఖ్యం, మందు పడకపోతే చాలామందికి రెండో కన్ను కూడా కొద్ది రోజుల్లో, మహా అయితే కొద్ది వారాల్లో పోతుంది.

బ్యాంకు ముందు రెండు రోజులు నిలబడి ఇరవై మూడు వేలు కాపాడాను. ఆ మాట వరండాలో కూర్చుని ఎన్నిసార్లు అనుకున్నానో!

ఇది యాభై దాటినవాళ్ళకే వచ్చే జబ్బు. డెబ్భై దాటినవాళ్ళలో ఎక్కువ. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు రెండు మూడు రెట్లు ఎక్కువ. ఐరోపాలో ఉత్తరాది దేశాలవాళ్ళకు బాగా వస్తుంది, మనవాళ్ళకు తక్కువ. తక్కువగా రావడంలోనే చిక్కుంది. ఎప్పుడో గాని రాని చుట్టాన్ని గుమ్మంలో చూసి గుర్తుపట్టలేం గదా! తింటే వచ్చేది కాదు, అంటుకునేదీ కాదు. దీనికో చెల్లెలుంది, అది మన ఆసియా దేశాల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది, అదీ వయసులో ఉన్న ఆడపిల్లల్లో. 1905లో జపాను కంటివైద్యుడు మికిటో తకయాసు ఇరవయ్యొక్కేళ్ళ అమ్మాయి కంటి లోపల రక్తనాళాలు దండలా అల్లుకుపోయి ఉండడం చూసి లోకానికి చెప్పాడు. ఆయన పేరే జబ్బుకు పెట్టారు. అందులో వాచేది గుండెనుంచి బయలుదేరే పెద్ద ధమని, దాని కొమ్మలు. చేతి నాడి పట్టుకుంటే దొరకదు. చిన్నపిల్ల పని చేసుకుంటే చెయ్యి లాగేస్తోందన్నా, కళ్ళు తిరుగుతున్నాయన్నా, చూపు మసకబారుతోందన్నా రెండు చేతులా నాడి, రక్తపోటు చూడమని ఆ డాక్టరమ్మ ఒత్తి చెప్పింది.

నాలుగోరోజుకు నేను పుస్తకాలలో, ఫోనులో చదివి సగం వైద్యుణ్ణయ్యాను. సుమారు వెయ్యేళ్ళ క్రితం బాగ్దాదులో అలీ ఇబ్న్ ఈసా అనే కంటివైద్యుడు కణతల దగ్గరి నాళాలకూ చూపు పోవడానికీ ఏదో సంబంధం ఉన్నదని గ్రహించాడు. 1890లో లండనులో జొనాథన్ హచిన్సన్ అనే డాక్టరు ఒక ముసలాయన గురించి రాశాడు. కణతల మీద ఎర్రటి చారలు లేచి, టోపీ పెట్టుకోలేకపోయాడట. ఆయనకు టోపీ, మా అక్కయ్యకు దువ్వెన. అమెరికాలో మేయో క్లినిక్కులో బేయార్డ్ హార్టన్, ఆయన సహచరులు 1932లో ఆ నాళాన్ని కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. మందు మాత్రం అప్పటికి లేదు. 1948లో అదే క్లినిక్కులో ఫిలిప్ హెంచ్ కార్టిజోనును మొదటిసారి కీళ్ళవాతం రోగికి ఇచ్చాడు. 1950లో ఆయనకూ మరిద్దరికీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. చంద్రుడు దగ్గరికొచ్చిన సంవత్సరం 1948 అని నేను వ్యర్థంగా గుర్తుపెట్టుకోలేదన్నమాట.

ఒకరోజు డాక్టరమ్మ తన ఫోనులో ఒక పాత బొమ్మ చూపించింది. 1436లో యాన్ వాన్ ఐక్ పూర్తిచేసిన వర్ణచిత్రం, బెల్జియంలో బ్రూజ్ ఊరి మ్యూజియంలో ఉంది. మేరీమాత ఎదుట మోకరిల్లిన ముసలి మతాధికారి కణత మీద రక్తనాళం తాడులా ఉబ్బి ఉంది. ఇది ఈ జబ్బే అయి ఉంటుందని ఈ కాలపు డాక్టర్లు కొందరి ఊహ. ఆయన చేతిలో కళ్ళజోడు కూడా ఉంది. అక్కయ్య ఎడమకంటితో దగ్గరగా పెట్టుకుని చూసింది.

"పాపం, ఈయన్ని కూడా ముందు కళ్ళజోళ్ళ కొట్టుకే తీసుకెళ్ళినట్టున్నారు," అంది. నేను వేరే వైపు చూశాను.

మందు ఎక్కిన మర్నాడే ఆశ్చర్యం. తలనొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. రెండోరోజు పొద్దున్న నేను వెళ్ళేసరికి రెండు చేతులూ పైకెత్తి కొప్పు ముడుచుకుంటోంది. మే నెల తరవాత ఆ దృశ్యం చూడడం అదే. "ఈ పాటి మందుకు ఇంతకాలం తిప్పారేమిట్రా?" అంది. నాలుగోరోజు నుంచి మాత్రలు. కణత దగ్గర తిమ్మిరి సూది వేసి అంగుళం పొడుగు నాళం తీశారు. వాపు వరసగా ఉండదట, మధ్యమధ్య బాగున్న చోట్లుంటాయట, అందుకని చిన్న ముక్క చాలదు. మందు మొదలుపెట్టి వారం పదిరోజులయినా ముక్కలో ఆనవాళ్ళు చెరిగిపోవు గనుక తొందరేమీ లేకుండానే తీశారు. అక్కయ్య పేచీ అంతా అక్కడ జుట్టు గొరగడం గురించే. రిపోర్టు డాక్టరమ్మ అన్నట్టే వచ్చింది. ఇప్పుడు చాలాచోట్ల కోతకంటే ముందు అల్ట్రాసౌండుతో చూస్తున్నారు. వాచిన నాళం చుట్టూ నల్లటి వలయం కనిపిస్తుందట, చంద్రుడికి గుడి కట్టినట్టు.

ఎడమకన్ను నిలిచింది.

స్టిరాయిడు మందు చేసిన మేలు చెప్పాను గనుక అది పెట్టిన తిప్పలూ చెప్పాలి. ముఖం పూర్ణచంద్రుడిలా గుండ్రంగా అయింది. చక్కెర వచ్చింది. నిద్ర పోయింది. అర్ధరాత్రి రెండింటికి లేచి మా ఆవిడను కబుర్లకు పిలిచేది. ఎముకలు గుల్లబారకుండా వేరే మాత్రలు. మందు ఒక్కసారిగా ఆపరాదు, ఇ.ఎస్.ఆర్. చూసుకుంటూ నెలల తరబడి పిసరు పిసరు తగ్గించాలి. ఇలా ఉండగా 2017 ఉగాదికి మా చుట్టమొకాయన వచ్చాడు. "స్టిరాయిడా? విషం! ఎముకలు పిండి అయిపోతాయి. ఇవాళే మానెయ్యండి," అని పచ్చడి తింటూ తీర్పు చెప్పి వెళ్ళిపోయాడు. అక్కయ్య మాకు చెప్పకుండా మూడు రోజులు మాత్రలు వత్తుల డబ్బాలో వేసింది. నాలుగోరోజు పొద్దున్న దువ్వెన పట్టుకుని నా గదిలోకి వచ్చింది. మాట్లాడలేదు. దువ్వెన కుడి కణత మీద పెట్టి చూపించింది.

నేను చొక్కా కూడా తొడుక్కోకుండా కారుకోసం పరుగెత్తాను. ఆరోజు బ్యాంకు పని ఒకటుంది, గుర్తుకూడా రాలేదు.

డాక్టరమ్మ కోప్పడింది. జబ్బు మళ్ళీ లేవడం ఒక ప్రమాదం. రెండోది, బయటినుంచి మందు పడుతున్నన్నాళ్ళూ మూత్రపిండాల మీదుండే గ్రంథులు తమ స్టిరాయిడు తాము తయారుచెయ్యడం మానేస్తాయి, హఠాత్తుగా ఆపితే మనిషే కూలిపోవచ్చు. మాత్ర మళ్ళీ పెంచారు. అదృష్టం, ఎడమకంటికి ఏమీ కాలేదు. ఆ సంవత్సరమే మే నెలలో అమెరికాలో ఈ జబ్బుకు టోసిలిజుమాబ్ అనే సూదిమందును అనుమతించారు. స్టిరాయిడు త్వరగా తగ్గించుకోవడానికి పనికొస్తుంది, ఖరీదు మాత్రం మా వంటివాళ్ళు రెండుసార్లు ఆలోచించేది. మాకు అవసరం రాలేదు. 2018 ఆఖరుకు మాత్రలు పూర్తిగా మానిపించారు. గుండెనుంచి వచ్చే పెద్ద ధమని కూడా ఈ జబ్బువల్ల ఏళ్ళ తరవాత ఉబ్బవచ్చు గనుక అప్పుడప్పుడు పరీక్షలు చేయిస్తూనే ఉన్నాం.

ఆవిడకిప్పుడు ఎనభై దాటింది. ఒక్క కన్నుతో లోతు తెలియదు. మొదట్లో కాఫీ గ్లాసు పక్కన పోసేది, మెట్టు లేనిచోట కాలు వేసేది. ఇప్పుడు సర్దుకుంది. పేటలో యాభై దాటిన ఎవరు మా గుమ్మంలోకి వచ్చి తల పోటంటున్నా కూర్చోబెట్టి, దువ్వెన చేతికిచ్చి, చేగోడీ ఒకటి నమలమని, భుజాలు ఎత్తించి చూస్తుంది. జనం నవ్వుకుంటారు గాని చేగోడీకోసమైనా వస్తారు. ఆ తెర గురించి మాత్రం నవ్వుతూ అడగదు. "ఒక్క నిమిషమైనా సరే, కళ్ళముందు చీకటి కమ్మిందా?" అని అడిగి, మొహంలోకి చూస్తుంది.

నన్నింతవరకు ఒక్క మాట అనలేదు. ఆ రసీదు ఒక సంపుటంలో పెట్టి ఉంచింది. ఏ ఘట్టం దగ్గర పెట్టిందో నేను వెతకలేదు.

పోయిన నెల కళ్ళజోడు మార్చవలసి వచ్చింది. మిగిలిన కంటికి దెబ్బ తగలకుండా పగలని అద్దాలే వేయించాలని డాక్టరమ్మ ఆజ్ఞ. అదే కొట్టు, అదే కుర్రాడు, కొంచెం పొట్ట వచ్చింది. రెండద్దాలకూ కలిపి ధర చెప్పాడు.

"నాకు పని ఉన్నది ఒక్క అద్దంతోనే. ఒక్కదానికే డబ్బిస్తాను," అంది అక్కయ్య.

"రెండోది అందానికి మామ్మగారూ."

"అయితే అందం ఖరీదు విడిగా వెయ్యి. ఎంతో చూస్తాను."

అరగంట బేరమాడి నూట యాభై తగ్గించింది. దారిలో ఆ డబ్బుతో ములక్కాడలు కొన్నాం.